పొగ పట్టిన పెట్టె

పాపా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. మన వీడియోలన్నీ దాచి, వైఫైతో టీవీకి కలిపి ఇచ్చావే, ఆ హార్డ్‌డిస్కుల పెట్టెను నీ ఫొటో కిందే పెట్టుకున్నాం. వారం నుంచి అది కాసేపు ఆడి ఆగిపోతోంది. వైర్లు మార్చాను, రూటర్ ఆపి మళ్లీ వేశాను. లాభం లేకపోయింది. పొద్దున ఉరవకొండ నుంచి మెకానిక్ వచ్చి విప్పాడు.

"దుమ్ము కాదన్నా, ఊదుబత్తి పొగ. ఫ్యాన్ మూసుకపోయి, పెట్టె కాగి ఆగిపోతాండాది."

రోజూ నీకు ఊదుబత్తి వెలిగించేది మీ అమ్మే.

"పాప గొంతు నేనే మూసినానా?" అంది.

అతను శుభ్రం చేసి బిగించాక టీవీ పెట్టాను. అప్పటికి మీ అమ్మ ఊదుబత్తుల పొట్లం తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

"అమ్మా, యాడుండావు?" అన్నావు నువ్వు టీవీలో.

"వస్తాండా పాపా," అంది మీ అమ్మ పెరట్లోంచి.