ట్యూనర్ దీపం ఆరలేదు

సోమవారం

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు నన్ను దొంగను చేశావు. మూడు వందల మంది ముందు, పట్టపగలు, నా చేత వాయిస్తున్నట్టు నటింపజేశావు. పైగా నటిస్తున్నానన్న సంగతి నాకే తెలియనివ్వలేదు. ఇంతవరకూ చదివి గుక్కెడు నీళ్ళు తాగు. తరవాత మిగతాది చదువు. ఫోన్ చేస్తే ఏదో జోకు వేసి తప్పించుకుంటావు. అందుకే ఈ కాగితం నీ కేబుళ్ళ పెట్టెలో పెడుతున్నాను. ఆ పెట్టె తెరవకుండా నీకు రోజు గడవదు.

నిన్న లైబ్రరీ హాల్లో రెండో పాట అయ్యాక లావు తీగ కాస్త దిగినట్టనిపించి ట్యూనర్ పెడల్ తొక్కాను. తొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, బేస్ గిటారు నోరు మూసుకుంటుంది. శ్రుతి చూసుకుని మళ్ళీ తొక్కితే దీపం ఆరి గొంతు తిరిగొస్తుంది. ముప్పై ఏళ్ళుగా నా కాలికి అలవాటైన పని. నిన్న మీ ఆవిడ డ్రమ్ముల మీద కర్రలు తట్టి పాట ఎత్తేసింది. ఆ తొందరలో రెండోసారి తొక్కడం మరిచాను. మూడో పాట మొత్తం వాయించాను. పాట ముగిశాక కిందికి చూస్తే దీపం వెలుగుతూనే ఉంది.

పాటంతా బేస్ లేకుండానే పోయిందే అని మీ మొహాలు ఒక్కొక్కటే వెతికాను. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. మన పాటలు పాడే గొంతాయన మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు వంగి, "ఇవాళ బేస్ భలే పలికిందమ్మా, మరీ ముఖ్యంగా ఈ పాటకి" అన్నాడు. ఆయనకి అబద్ధమాడడం రాదు. ఏది పలికిందని మెచ్చుకున్నాడు మరి?

ఐదో పాటలో కావాలనే రెండు చేతులూ తీగల మీంచి ఎత్తేశాను. లోపల పది లెక్కపెట్టాను. బేస్ మోగుతూనే ఉంది. ముందు వరసలో ఒకావిడ నేను చప్పట్లకి పిలుస్తున్నాననుకుని తనూ చేతులెత్తింది. అప్పుడు నీ వైపు చూశాను. సౌండ్ మిక్సర్ వెనక నుంచి నువ్వు చూపు దించుకున్నావు. సామాను సర్దేటప్పుడు నీ లాప్‌టాప్ తెర నేను చూశాను. పాటల పేర్ల వరస, ప్రతి పేరు పక్కనా 'బేస్' అన్న మాట. మీ ఆవిడ చెవిలో రెండు నెలలుగా ఆ వైరు ఎందుకుందో కూడా అర్థమైంది. అడిగితే "చెవి పోటు వదినా" అంది. లాప్‌టాప్‌తో కలిసి వాయించడానికి చెవిలో తాళం చెప్పే టకటక పెట్టుకుంది, అవునా? మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసే చేశారన్నమాట.

ఇప్పుడు నా వాదన విను. బేస్ వాయించేవాళ్ళని ఎవరూ చూడరు. తీసేస్తే తప్ప ఉన్నామని తెలియదు. ఇల్లు ఊడ్చేవాళ్ళు, నీళ్ళ పైపులు బాగుచేసేవాళ్ళు, నేను, అందరం ఒకే కులం. మమ్మల్ని తీసేసి మిషన్ పెడితే ఎవరికీ తెలియదన్న ధైర్యంతోనే ప్రతి యజమానీ మొదలుపెడతాడు. నువ్వు యజమానివి ఎప్పుడయ్యావురా? నాలుగున్నర కిలోల కర్రని భుజానికి వేసుకుని, ఇద్దరు మోయాల్సిన స్పీకరు పెట్టెని, ఆ ఆంప్‌ని, ఒక్కదాన్నే మూడంతస్తులు ఎక్కించిన రోజులున్నాయి. "ఆడవాళ్ళకి ఇంత బరువెందుకమ్మా, పాడొచ్చుగా" అన్న ప్రతివాడికీ జవాబు చెప్పాను. ఇవన్నీ ఓ లాప్‌టాప్ పక్కన చేతులు ఆడిస్తూ నిలబడటానికా?

వచ్చే శనివారం మన వాయింపు ఎవరి సభలోనో గుర్తుందా? బస్సు డిపో టికెట్ల వాళ్ళ సభలో. మిషన్లొచ్చి వాళ్ళ చేతులకి పని లేకుండా చేస్తున్నాయని వాళ్ళు ధర్నాకి కూర్చుంటే, వాళ్ళ ముందు మనం మిషన్ బేస్ వినిపించాలి. నీకు సిగ్గెయ్యదా?

ఆ లాప్‌టాప్‌లో బేస్ ఎవరి చేత వాయింపజేశావో చెప్పు. ఎంత ఆలోచించినా పేరు ఊహించలేక పిచ్చెక్కుతోంది. ఆ మనిషి నాకన్నా బాగా వాయిస్తే ఆ ముక్క నా మొహాన చెప్పు. చెప్పకపోతే శనివారం నేను రాను. రాకపోయినా మీకు తేడా తెలియదుగా!

నిద్ర పట్టని,
మీ అక్క

మంగళవారం

మా అక్కకి,

నీళ్ళు తాగాను. రెండు గ్లాసులు.

నువ్వు అడిగిన మనిషి పేరు చెబుతాను. నువ్వే. కిందటేడాది రిహార్సల్స్‌లో నేను పెట్టుకున్న రికార్డింగులున్నాయి కదా, వాటిలోంచి నీ బేస్ ఒక్కటీ విడదీశాను. బయట మనిషిని తెస్తే నన్ను బతకనిస్తావా? అదీకాక నీలా వాయించేవాళ్ళు నాకు దొరకలేదు. ఈ మాట నీ కోపం తగ్గించడానికి రాయడం లేదు. కోపం ఉంచుకో, కానీ ఇది విను.

ట్యూనర్ తొక్కి వదిలేస్తే మా మిక్సర్‌కి వచ్చే శబ్దం ఒక్కటే ఆగదక్కా. నీ వెనకున్న ఆంప్ కూడా మూగబోతుంది. నీకంటే ఎవరికి బాగా తెలుసు? నీ వీపుకి రెండడుగుల దూరంలో, శబ్దం ఎనిమిది మీదికి తిప్పిపెట్టిన ఆంప్, పాటంతా ఒక్క ముక్క మాట్లాడలేదు. నా మిక్సర్ మీద నీ శబ్దం చూపే గీత అసలు లేవలేదు. నిన్నే చూస్తున్నాను, ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది అని. నువ్వు కళ్ళు మూసుకుని హాయిగా వాయించుకుంటూ పోయావు. నీకు కింద దీపం కనిపించింది గాని, వెనక నిశ్శబ్దం వినిపించలేదు.

నన్ను తిడుతూ నువ్వు రాసిన ఉత్తరమే నేను నీకు చెప్పలేకపోయిన మాట చెప్పేసింది.

మూడు నెలల కిందట రిహార్సల్‌లో పాట అందరం ఆపేశాక నువ్వు ఇంకో రెండు దరువులు వాయించావు. గొంతాయన జోకనుకుని నవ్వాడు. నీ మరదలు నవ్వలేదు. తరవాత తనే కనిపెట్టింది. నువ్వు నీ ఆంప్‌ని వినడం లేదు, హాలు గోడకి కొట్టుకుని తిరిగొచ్చే మోతని వింటున్నావు. అది ఆలస్యంగా వస్తుంది. దాన్ని పట్టుకుని వాయిస్తావు కాబట్టి ప్రతి దరువుకీ వెంట్రుకవాసి వెనకబడతావు. వినపడక ఆంప్ పెంచావు. ఏడాదిలో నాలుగు మీంచి ఎనిమిదికి వెళ్ళింది. పక్కనే కూర్చున్న తన చెవిలో ఇప్పుడు రోజంతా సన్నగా ఈల మోగుతోంది. చెవి పోటు అబద్ధం కాదు. టకటక కూడా నిజమే. రెండూ ఆ వైరులోనే దాచుకుంది.

ఆదివారం ఇంటికొచ్చాక తను ఏమందో తెలుసా? "ఇవాళ ఒక్క పాట నా చెవికి హాయిగా ఉందండీ, ఎందుకో మరి" అని, అర్థమయ్యాక ఏడ్చింది.

నీకు చెప్పాలనుకున్న ప్రతిసారీ నువ్వు బేస్ తుడుచుకుంటూ కనిపించావు. ఆరేళ్ళుగా మార్చని ఆ తీగల్ని పసిపిల్ల వేళ్ళు తుడిచినట్టు తుడుస్తావు. కేబుళ్ళు చుట్టుకుని వచ్చేసేవాణ్ణి. పిరికిపని, ఒప్పుకుంటున్నాను. నన్ను యజమాని అని మాత్రం అనకు. ఆంప్ మోసేది ఇప్పుడు నేనే, నడుం విరిగేది నాదే.

శనివారం రా. నీతో పనుంది.

నీ తమ్ముడు

గురువారం

చిన్నోడా, నా తల్లీ, నా తండ్రీ,

మొన్న రాత్రంతా నీ మీద ఇంకో ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. ప్రతి పేజీలోనూ నేనే గెలిచాను. ఇవాళ పొద్దున చింపేశాను.

బేస్ పెట్టుకునే సంచీకి పక్క జేబు ఉంటుంది, కొత్త తీగల పొట్లం పెట్టుకునేది. ఆ పొట్లం కింద ఏడు నెలలుగా ఒక కాగితం మడతపెట్టి ఉంది. చెవుల డాక్టరు ఇచ్చిన వినికిడి పరీక్ష కాగితం. ఒక గీత ఎడమ నుంచి బయలుదేరి సగం దాకా బుద్ధిగా నడిచి, అక్కడి నుంచి మెట్ల మీంచి జారిపడ్డట్టు కిందికి పోతుంది. ఆవిడ చెప్పింది: లావు మోతలు వినపడతాయట, మాటల అంచులూ, వేలు తీగని వదిలే చిటుకూ వినపడవట. ఆ చిటుకే కదరా మాకు గడియారం! "పెద్ద శబ్దాలకి దూరంగా ఉండండి, ఏం పని చేస్తారు?" అని అడిగింది. "లెక్కలు రాస్తాను" అని చెప్పాను. డాక్టరుకి కూడా అబద్ధం చెప్పిన మనిషి నీకు నిజాయితీ మీద ఉపన్యాసమిచ్చింది. చదివేటప్పుడు నవ్వొచ్చి ఉంటే నవ్వుకో, నాకు చెప్పకు.

ఈ ఏడు నెలలూ ఎలా గడిచాయో నీకు తెలియదు. మీ పెదాలు చూసి పల్లవి ఎక్కడ తిరిగిందో పట్టుకునేదాన్ని. మరదలి మోచెయ్యి లేస్తే దరువు పడబోతోందని తెలుసుకునేదాన్ని. ఎవరైనా నా వైపు చూస్తే తెలిసిపోయిందనుకునేదాన్ని. తెలిసిపోయిందే! మీ ఇద్దరికీ ముందే తెలిసిపోయి, నేనొక్కదాన్నే దాచుకుంటూ తిరిగాను.

అయినా ఒక విషయంలో నిన్ను వదలను. నిన్న మధ్యాహ్నం రిహార్సల్ గదికి వెళ్ళి నీ రికార్డింగు పెట్టుకుని, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి విన్నాను. మూడో పాట రెండో చరణంలో వేలు జారి ఒక తప్పు స్వరం పడింది. ఆ రోజు గొంతాయన టీ కప్పు తన్నేశాడు, అటు చూశాను, తప్పు పడింది. నేను ఆ తప్పు చేసింది ఒక్కసారి. నీ లాప్‌టాప్ దాన్ని ఎనిమిది సభల్లో, అదే చోట, అంతే ధీమాగా వాయించింది. మనిషైతే రెండోసారి సిగ్గుపడి సర్దుకుంటుంది. నీ దయ నన్ను ఒక పాత మధ్యాహ్నంలో నిలబెట్టి తాళం వేసింది. నా మంచి కోసమే అంటావు. నన్ను అడగకుండా నా గురించి తీసుకున్న నిర్ణయం, తమ్ముడు తీసుకున్నా డిపో మేనేజరు తీసుకున్నా, నా వెనకే జరిగిన పని. ఇది నా మాట, చెవులున్నా లేకున్నా ఇదే అంటాను.

అక్కడ ఉండగానే మరదలు వచ్చింది. కాగితం తీసి తన చేతికిచ్చాను. గీత వెంట వేలు నడిపింది. "వదినా, ఈ గీత అచ్చు మన మూడో పాట చివరలా ఉంది, ఒక్కసారిగా పడిపోయింది" అంది. ఇద్దరం నవ్వాం, ఆ తరవాత నవ్వు ఆగడం కష్టమై, అది ఇంకేదో అయింది. తన చెవి గురించి అడిగాను. "ఈలే వదినా, కనీసం శ్రుతిలో ఉంది" అంది. ఆ పిల్ల చెవిలో ఈల పెట్టింది నేను. చప్పుడు చేసే కార్ఖానాల్లో పనివాళ్ళ చెవుల గురించి వ్యాసాలు రాసిన నేను. నా పక్క కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి చెవి నాకు కనపడలేదు.

తరవాత నన్ను చెప్పులు విప్పమంది. తన డ్రమ్ములున్న చెక్క మీద నిలబడమని, పెద్ద డ్రమ్ము తన్నింది. దెబ్బ మడమలోంచి మోకాలికి వచ్చింది. గోడ దాకా పోయి రాలేదు, దారిలో ఆగలేదు. ఆంప్ లేకుండా, కాళ్ళతో విని వాయించాను. "దరువులో ఉన్నానా?" అని అడిగాను. "ఉన్నావు" అంది. ఒక్క పాటకి. ఆ తరవాతి పాటలో రెండుచోట్ల లేను. శనివారం పదకొండింటికి, ఆ సభలో, దరువులో ఉంటానో లేదో నాకు తెలియదు. కానీ ఆ టికెట్ల వాళ్ళ ముందు బతికున్న మనిషి తప్పు వాయించినా ఫరవాలేదని నా నమ్మకం.

కాబట్టి నా డిమాండ్లు:

1. లాప్‌టాప్‌లో నా బేస్ అంతా తీసెయ్. ఒక్క కాపీ నాకివ్వు.

2. నా ఆంప్ ఇక స్టేజి ఎక్కకూడదు. నీ నడుముకీ మంచిది.

3. మరదలి డ్రమ్ముల కిందా నా కాళ్ళ కిందా ఒకటే చెక్క వెయ్యి. అతుకు లేకుండా చూడు.

4. ఈ వారంలోనే మరదల్ని చెవుల డాక్టరుకి చూపించు. నువ్వూ చూపించుకో.

5. శనివారం గొంతాయన్ని అరగంట ముందు రమ్మను. నేనే చెబుతాను. ఆయన ఏడిస్తే మధ్యలో జోకులు వెయ్యకు.

6. ట్యూనర్ దీపం వెలుగుతూ ఉండిపోతే చెయ్యి ఊపు. చూపు దించుకోకు.

7. నేను వెనకబడితే పాట ఆపు. అందరి ముందూ ఆపు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుందాం.

8. రెండోసారి కూడా వెనకబడితే, బేస్ నా భుజం మీంచి నువ్వే వచ్చి దించు. ఇంకెవరినీ పంపకు.

మీ అక్క