దుంగల చెరువులో పడ్డ బంతి

ఆష్ క్రీక్ రంపపు మిల్లు, ఆరిగన్
1953 ఆగస్టు 10

వెర్నా అక్కకు డెల్బర్ట్ రాసేది. నా మణికట్టు వాపు తగ్గింది, దిగులు పడకు.

నిన్న బేస్‌బాల్‌లో పొరుగూరి మిల్లువాళ్ళను ఓడించాం. గెలిపించిన దెబ్బ నాదే. దుంగలు మోసేవాళ్ళం కదా, బరువు బ్యాటు పట్టకపోతే ఇక్కడ నామోషీ. నేనూ వేసవంతా నాన్న బ్యాటే తిప్పాను. బంతి వెళ్ళిపోయాక గానీ అది కదిలేది కాదు. నిన్న చివరి ఇన్నింగ్స్‌లో సిగ్గు విడిచి, ఎవరూ ముట్టని తేలిక బ్యాటు తీసుకుని, పిడిని కాస్త పైకి పట్టుకున్నాను.

"ఏరా, పళ్ళు కుట్టుకోడానికా?" అన్నాడు మా కెప్టెన్ హోమర్.

రెండో బంతి కంచె దాటి దుంగల చెరువులో పడింది. పొద్దున హోమర్ వచ్చి ఆ బ్యాటు ఒకసారి ఇమ్మన్నాడు. ఇవ్వలేదు.

నాన్న బ్యాటు పార్సిల్లో వస్తుంది. కోళ్ళగూటి తలుపుకు అడ్డుకర్రగా వాడుకో. సూపు కాచిన పంది తొడ ఎముక పారెయ్యకుండా నాకు పంపు. దాంతో రుద్దితే బ్యాటు చెక్క గట్టిపడుతుంది. బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు.

చిన్నప్పుడు నాచేత చీపురుకర్రతో మొక్కజొన్న గింజలు కొట్టిస్తూ, "ముందు చెయ్యి వేగం రావాల్రా, బరువు సంగతి తర్వాత" అన్నది నువ్వే. ఆడపిల్లవని నిన్ను జట్టులోకి రానివ్వని వాల్డోయే ఇప్పుడు మీ పోస్టుమాస్టరు. వచ్చిన కార్డులన్నీ చదువుతాడుగా. వాడు చదవాలనే నేను కవరు కొనలేదు.

నీ తమ్ముడు
డెల్బర్ట్