కిటికీ గట్టు మీద కషాయం

డిసెంబరు 2, సోమవారం

అందరూ క్షేమమేనా? ఇట్లా మొదలుపెట్టడమే నాకు తెలుసు. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా నేర్చుకున్నది ఉత్తరాలు రాయడమే. ఇది ఉత్తరం కాదు, అయినా చెయ్యి ఊరుకోదు. నా కొడుకు జయప్రకాష్ ఎట్లా ఉన్నాడు? కిడ్నీ మార్చి ఏడాది దాటింది, దేవుని దయవల్ల తిరుగుతున్నాడు. కిడ్నీ ఇచ్చిన కోడలు శిరీష? బడిలో పాఠాలు చెబుతోంది, నడుము నొప్పి అంటుంది, కూర్చోదు. పులివెందులలో నా కూతురు రజిని? జలుబు. అల్లుడు? దగ్గు. పక్కింటి వెంకటసుబ్బమ్మ? జ్వరంతో లేవలేదు. జమ్మలమడుగంతా ముక్కు చీదుతోంది. నేను? షుగరు, భయం. రెండూ తగ్గవు.

కిడ్నీ నేనే ఇస్తానన్నాను. షుగరున్న మనిషిది పనికిరాదన్నారు.

డిసెంబరు 3

గేటుకు తాళం. ఫ్లూ సీజను పోయేదాకా ఎవరూ లోపలికి రాకూడదు, నేను బయటికి పోకూడదు. చర్చి కూడా వద్దంట. యాడికీ పోవద్దు అత్తా, నీకొస్తే ఆయనకొస్తాది అంది శిరీష. తను మాత్రం మాస్కు పెట్టుకుని బడికి పోతుంది. రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుగుతుంది. పండు తొక్క తీసి ఇస్తుంది. వాణ్ణి పొద్దుటెండలో కూర్చోబెడుతుంది, తొమ్మిదికల్లా పడుకోబెడుతుంది. అంతా మంచిదే. ఒంట్లో బలం లేనివాడికి ఎండ ఏం చేస్తుంది?

డిసెంబరు 5

తుమ్మాను. రెండోది ఆపుకున్నాను, ఆగలేదు. శిరీష నా మంచం వీధిగదిలో వేయించింది. తలుపుకు గడియ పెట్టలేదు. పెట్టినట్టే ఉంది.

సాయంత్రం వాడు కిటికీ దగ్గరికొచ్చాడు. ఏంది మా, జైల్లో ఏసినారా, బెయిలు కావల్నా అని నవ్వాడు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపించాయి. ముఖం సన్నబడింది.

డిసెంబరు 7

వెంకటసుబ్బమ్మ లేచింది. గోడ అవతలి నుంచి, ఏం మే నిర్మలమ్మా, కోడలు నిన్ను కోళ్ళగంప కింద మూసిందా అని ఎగతాళి. జ్వరం ఎట్లా పోయిందే అంటే తిప్పతీగ కషాయమంట. వాళ్ళ వేపచెట్టుకు పాకినది. వేపకు పాకిన తీగకు బలమెక్కువ. కరోనాలో మా వీధంతా దాన్నే తాగింది. మనిషిలో రోగాన్ని తరిమే బలాన్ని పెంచుతుందని అందరూ చెప్పేదే. మూరెడు తీగ గోడ మీది నుంచి అందించింది.

డిసెంబరు 8, ఆదివారం

శిరీష ఇంట్లోనే ఉంది. తీగ నా దిండు కింద ఉంది.

డిసెంబరు 9

ఆమె బడికి పోయినాక కాచాను. మిరియాలు, శొంఠి కూడా వేశాను. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి దూరంగా నిలబడ్డాను. థూ, ఏంది మా ఇంత చేదు, పగోనికి కూడా పొయ్యరు అన్నాడు. గమ్మున తాగు నాయనా అన్నాను. తాగాడు. శిరీషకు చెప్పాకు, గంటసేపు క్లాసు పీకుతాది అన్నాడు.

ఇన్నాళ్ళకు నేనిచ్చినది కూడా వాడి ఒంట్లోకి పోయింది.

డిసెంబరు 13

రోజూ తాగుతున్నాడు. తుమ్ము లేదు, దగ్గు లేదు.

డిసెంబరు 17, మంగళవారం

ప్రొద్దుటూరులో నెలనెలా చేయించే రక్తపరీక్ష. క్రియాటినిన్ పెరిగిందంట, అంటే కిడ్నీ సరిగా పని చేయడం లేదంట. రిపోర్టు ఫోనులో చూసి శిరీష అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మళ్ళీ తనే లేచి బ్యాగు సర్దింది. కారు మాట్లాడుకుని తిరుపతి ఆసుపత్రికి పోయారు. పోతూ గేటు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

డిసెంబరు 18

శిరీష ఫోను. కొత్త కిడ్నీని వాడి ఒళ్ళే తోసేస్తోందంట. నాటు మందులు, ఆకులు, కషాయాలు ఏమన్నా వాడినారా అని డాక్టరు అడిగాడంట. ఏమీ ల్యా సార్, తాగే నీళ్ళు కూడా నేనే కాంచి ఇస్తాండా అని చెప్పిందంట. అట్లా ఎందుకు అడిగినాడు అన్నాను. అప్పుడు చెప్పింది. ఒంటికి అది పరాయి కిడ్నీనే కదా అత్తా, బలమొస్తే తరుముతాది, ఆ బలాన్ని నిద్రపుచ్చేదానికే ఆయన రోజూ మాత్రలు మింగేది, తిప్పతీగ మాదిరివి దాన్ని లేపుతాయంట అని.

అన్నం తిన్న్యావా అత్తా అని అడిగింది. తిన్నానన్నాను. తినలేదు.

అదే రోజు సాయంత్రం

రజిని ఫోను. ఆయమ్మ కిడ్నీలోనే ఏదో లోపముంటాది, నేను అప్పుడే అన్న్యా అంటోంది. నోర్ముయ్ అన్నాను. ఏంది మా, కోడల్ని అంత ఎనకేసుకొస్తాండావు అంది. ఫోను పెట్టేశాను.

జయప్రకాష్‌కు ఫోను చేశాను. చెప్పు నాయనా, డాక్టరుకు చెప్పు అన్నాను. చెప్తే శిరీష నిన్ను ఇంట్లో పెట్టుకోదు మా, గమ్మునుండు అన్నాడు. పడకలో ఉండి నాకు కాపలా కాస్తున్నాడు.

డిసెంబరు 19

గేటు తీశాను. మూశాను. బస్సెక్కి పోయి చెబుదామంటే ఇంకో పూట వృథా. ప్రార్థనకు మోకరించాను. దేవునికి ముందే తెలుసు. తెలియాల్సింది డాక్టరుకు.

లేచి శిరీషకు ఫోను చేశాను. అంతా ఒక్క ఊపిరిన చెప్పేశాను. పెట్టేసింది.

మధ్యాహ్నం తనే చేసింది. ఏడ్చిన గొంతు. అయినా బడిపిల్లను అడిగినట్టే అడిగింది. ఏ తీగ, ఎంత, ఎప్పటినుంచి, అందులో ఇంకేం ఏసినావు. అన్నీ చెప్పాను, డాక్టరుకు చెప్పేస్తానంది. ఆఖరుకు, నన్నొక మాట అడిగింటే ఏం పోయేది అత్తా, అది నా కిడ్నీ అంది. నీది తీసుకున్నారు, నాది వద్దన్నారు, అందుకే ఇచ్చినా అన్నాను. ఆ మాట నాలో ఉందని నాకే తెలియదు. అన్నం తిను అని పెట్టేసింది.

తిన్నాను.

డిసెంబరు 21

ఇంజెక్షన్లు ఇస్తున్నారు. క్రియాటినిన్ నంబరు కొంచెం దిగిందంట. పూర్తిగా దిగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమంట. కషాయం వల్లేనా అంటే, కావచ్చు, కాకపోవచ్చు అన్నాడంట డాక్టరు. ఆ రెండో మాటను నేను పట్టుకోలేదు.

డిసెంబరు 22

వాణ్ణి చూడ్డానికి వార్డులోకి ఒక్కరినే పంపుతారంట. శిరీష నా పేరు రాయించింది. డాక్టరుకు నీ నోటితో నువ్వే చెప్పల్ల అత్తా, అడగంది కూడా చెప్పల్ల అంది.

రేపు, సోమవారం, 23. మధ్యాహ్నం పన్నెండుకు.