నడుము దాకా నీ ఫోటో

రామయ్యా,

నీ సంవత్సరీకం భోజనానికి కూడా ఆగకుండా ఖమ్మం వెళ్లొచ్చాను. మన మాజీ సైనికుల వెబ్‌సైట్‌ను బాగుచేశారట, చూసి సలహా చెప్పమన్నారు. నిజంగానే బాగుంది. ఇంగ్లీషు తీసేసి తెలుగు పెట్టారు, అక్షరాలు మన కళ్లకు ఆనేలా పెద్దవి చేశారు. కృత్రిమ కాలు కోసం దరఖాస్తు పెట్టే పేజీలో నువ్వే ఉన్నావు, మెడల్స్ పెట్టుకుని నవ్వుతూ, నడుము దాకా.

"సారూ, ఈయన చంక కర్ర ఏది?" అన్నాను.

"గా కర్ర కనబడితే చూసెటోళ్లకు బాధయితది తాతా. కత్తిరించినం," అన్నాడు వెబ్‌సైట్ తయారుచేసినాయన.

అప్పట్లో ఆ పేజీ తెరుచుకోకే కదా, అన్నిసార్లు ఆ కర్ర మీదే మణుగూరు నెట్ సెంటర్‌కు తిరిగావు. ఆఖరిసారి తిరిగొస్తుంటే వాగులో కర్ర జారింది.

"ఈయన సచ్చిపోయిండు సారూ, కాలు రాకముందే."

"అయ్యో, అవునా? ఫోటో మాత్రం మంచిగొచ్చింది తాతా. ఉంచుతం."

ఉంచారు. ఇప్పుడు నీ మొహం మీద నొక్కితే చాలు, దరఖాస్తు ఇట్టే తెరుచుకుంటోంది.