బొడ్డుతాడుకు చేపల ఐసు

జూలై 4
మూడోసారి. బొడ్డుతాడు నుంచి తీసిన ఈ కణాలూ గిన్నెకు అతుక్కోలేదు. రక్తనాళం లోపల పొరలా పరుచుకుని ఉండాల్సినవి... పొట్టులా తేలుతున్నాయి. రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ చుక్క పడితే కణాలు ముడుచుకుంటాయి, మధ్యలో సందులు పడతాయి. ఆ సందులు ఎంతసేపటికి పూడతాయో చూడాలి. చచ్చినవాటిలో ఏం చూడను, నా మొహం!

జూలై 5
నా గైడు మేడమ్ తేల్చేశారు. "ఇంకొక్క బొడ్డుతాడు చూద్దాం. కుదరకపోతే త్రాంబిన్ వదిలేసి వేరే పని చూసుకోమ్మా." నా రెండేళ్ల పని!

జూలై 8
ఏలూరు, కాన్పుల వార్డు. బొడ్డుతాడు ఇవ్వడానికి ఒప్పుకుంటూ పెట్టే సంతకం కోసం నేనే వెళ్లాను. బాలింత సరేనంది. అత్తగారు అడ్డుపడింది — "మాయతో పాటు బొడ్డుతాడూ పాతిపెట్టాలండీ. ముక్క తగ్గితే బిడ్డకి మంచిది కాదు." ఖాళీ చేతులతో తాడేపల్లిగూడెం ల్యాబుకి బస్సెక్కాను.

జూలై 9
కారణం దొరికింది. నాన్న! గుండుగొలను చెరువుల మీద ముప్పై ఏళ్లుగా చేపలు ప్యాకింగ్ చేస్తున్న మనిషి. వార్డు నుంచి బొడ్డుతాడు బండి మీద ల్యాబుకి తెచ్చేదీ ఆయనే. అన్నం తింటూ గొప్పగా చెప్పాడు — "నీళ్లలో నానితే మెత్తబడిపోద్దమ్మా. అందుకే సీసాలో ఆ మందునీళ్లు వేరే డబ్బాలోకి వంపి, ఐసు పొడిలో పరిచి తెస్తన్నాను. గేటు కాడ మళ్లీ ఆ నీళ్లు పోసి సీసాలో వేసేత్తన్నాను."
ఐసు కరిగిన ఉత్త నీళ్లలో కణాలు ఉబ్బి పగిలిపోతాయి. నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. చెరువుగట్టు మీద అందరికీ చెప్పుకుంటున్నాడట, "మా అమ్మాయి పరిశోధనకి ప్యాకింగ్ నాదేనండీ" అని.

జూలై 12
ఇకనుంచి నేనే తెచ్చుకుంటానన్నాను. "వానలో నీకెందుకు తల్లీ" అన్నాడు. సరే అన్నాను. పిరికిదాన్ని.

జూలై 15
ఉదయం పదకొండు. వార్డు నర్సు ఫోన్ — "ఇవాళ ఇంకో కాన్పు అయింది, ఈమె అత్తగారు కూడా ఒప్పుకున్నారండీ. మీ నాన్నగారికి ఇచ్చేశాను, ఇప్పుడే బయల్దేరారు."
నాన్నకి ఏడుసార్లు చేశాను. ఎత్తడం లేదు. బండి మీద ఉంటే ఎత్తడు.
కోపం ఆయన మీద కాదు. తెలిసీ ఆరు రోజులు నోరు మూసుకున్నది నేను.

పన్నెండున్నర. మేడమ్ కూడా గేటు దగ్గరికి వచ్చారు. బండి మలుపు తిరిగింది. వానలో తడిసి ముద్దయ్యాడు, ఐసు పెట్టె మీద మాత్రం తన రెయిన్‌కోటు కప్పాడు... నన్ను చూసి చెయ్యి ఊపుతున్నాడు.