వందకెళ్లినా లాకప్ పడటం లేదు

జనవరి 4, ఆదివారం

మళ్లీ అదే. వంద స్పీడు, నాలుగో గేరు, ఇంజన్ చుట్లు చూపే ముల్లు రెండువేల ఏడొందల దగ్గరే కూర్చుంది. దిగదు. ఎండాకాలంలో ఇదే వ్యాను, ఇదే యాన్బు–బదర్ రోడ్డు మీద రెండువేల రెండొందలకు దిగి హాయిగా పోయేది. ఆటోమేటిక్ బండి ఇది, స్పీడు అందుకున్నాక ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్యనుండే కన్వర్టరు లోపలి క్లచ్చు పట్టుకోవాలి, ఇంజనూ గేర్‌బాక్సూ ఒకటై తిరగాలి. లాకప్ అంటే అదే. అది పడటం లేదు. ఆయిలు ఊరికే సుళ్లు తిరిగి వేడెక్కుతోంది. పెట్రోలు తాగేస్తోంది.

డిసెంబరు నుంచీ ఇదే గోల. వెనక ఎనిమిది మంది నర్సులు. రోజూ తెల్లారకముందే బయలుదేరి బదర్ ఆస్పత్రిలో దించాలి.

ఇరవై ఏళ్ల బండి. కానీ ప్రొద్దుటూరులో పదకొండేళ్లు రెంచి పట్టినవాణ్ని నేను. దీని సంగతి తేల్చకుండా వదలను.

జనవరి 5

అబూ ఫారిస్‌కి చెప్పక తప్పలేదు. నాకు వీసా ఇచ్చిన కఫీలు ఆయనే, బండీ ఆయనదే, ఆస్పత్రి కాంట్రాక్టూ ఆయనదే. వచ్చే సోమవారం దాకా గడువిచ్చాడు. అప్పటికి బాగుపడకపోతే బండి తష్లీహ్‌కి. అంటే తుక్కు యార్డుకి, ముక్కలు ముక్కలుగా విప్పి అమ్మడానికి. బండి లేకపోతే డ్రైవరెందుకు? నాకు ఖురూజ్, అంటే దేశం వదిలి పొమ్మనే ముద్ర, కొట్టి ఇంటికి పంపడమే.

తర్వాత అడిగాడు — “మీన్ ఖర్రబ్?” ఎవడు చెడగొట్టాడు అని. చెడగొట్టినవాడు ఈ దేశంలో ఉండడు అన్నాడు.

నోరు జారింది. “రఫీక్ బ్రేక్ లైట్ల వైరింగు కెలికినాడు” అనేశాను. రఫీక్ మా షెడ్డు ఎలక్ట్రీషియను. ఢాకా మనిషి, నాకంటే రెండేళ్లు పెద్ద. డిసెంబరులోనే బ్రేకు బల్బులు మార్చాడు, అది నిజం. బ్రేకు తొక్కినట్టు బండి కంప్యూటరుకి కబురు పోతూ ఉంటే లాకప్ పడదు, అదీ నిజం. కానీ నేను చూసి అనలేదు. భయపడి అన్నాను.

జనవరి 6

రఫీక్‌ని పిలిపించారు. “భాయ్, మైనే సిర్ఫ్ బల్బ్ బద్లా. తార్ కో హాథ్ నహీ లగాయా.” బల్బే మార్చాను, వైరు ముట్టుకోలేదు అని. అబూ ఫారిస్‌తో అనాల్సిన మాట నా వైపు చూసి అన్నాడు, నేను సాక్ష్యం చెప్తాననుకుని. నేను టైరు వైపు చూశాను.

నా పేరు అబూ ఫారిస్ బయటపెట్టలేదు. రఫీక్ అడగనూ లేదు.

సాయంత్రం జిద్దా బస్సెక్కాడు. షరఫియాలో వాళ్లన్న గది ఉంది. ఖురూజ్ కాగితాలు తయారయ్యేదాకా అక్కడే ఉండమన్నారు.

జనవరి 7

బ్రేకు స్విచ్ విప్పి చూశాను. పెడలు వదలగానే లైటు ఆరుతోంది. మీటరు పెట్టినా సరిగ్గానే చూపిస్తోంది. వైర్ల మీద కంపెనీ టేపు చుట్టింది చుట్టినట్టే ఉంది. రఫీక్ దాన్ని తాకను కూడా తాకలేదు.

ముందు చూడాలి కదరా, తర్వాత నోరెత్తాలి. ఛీ.

జనవరి 8

బండిని సనాయియాకి, మెకానిక్కు షెడ్లుండే పేటకి, తీసుకెళ్లాను. అక్కడ గేర్‌బాక్సుల ఉస్తాద్, పెషావర్ ముసలాయన. బండెక్కి రెండు కిలోమీటర్లు తిరిగాడో లేదో — “గేర్ ఖోల్నా పడేగా.”

“ఎందుకు విప్పాల చాచా? ఆయిలు చూడు” అన్నా హిందీలో. కడ్డీ తీసి చూపించాను. ఎర్రగా ఉంది. మాడు వాసన లేదు. గేర్లు జారడం లేదు. స్కానరు తగిలిస్తే ఒక్క తప్పు కోడూ రాలేదు. ఇన్ని బాగున్నప్పుడు విప్పడం దేనికి? ఇక్కడ అందరికీ అదే అలవాటు. తెలియకపోతే విప్పడం, విప్పాక మిగిలిన బోల్టులు డబ్బాలో వెయ్యడం.

నేను విప్పనివ్వను. ఇంకా నాలుగు రోజులుంది.

జనవరి 9, శుక్రవారం

జుమా నమాజయ్యాక షెడ్డులో నేనొక్కణ్నే. బండి కింద దూరాను. కరెంటు రాగానే ఆ క్లచ్చుని పట్టించే లాకప్ సోలెనాయిడ్‌కి కరెంటిచ్చాను — టిక్. మళ్లీ ఇచ్చాను — టిక్. బతికే ఉంది.

దాని వైరొకటి బయటికి లాగి స్టీరింగు పక్కన స్విచ్ పెట్టాను. ఖాళీ రోడ్డు. తొంభైలో స్విచ్ నొక్కాను... ముల్లు దిగింది! ఐదొందలు దిగింది! ఒక్కణ్నే గట్టిగా అరిచేశాను, పిచ్చోడిలా.

అంటే కన్వర్టరు బాగుంది. క్లచ్చు బాగుంది. సోలెనాయిడ్ బాగుంది. పట్టుకోమని కంప్యూటరే చెప్పడం లేదు. ఎందుకు చెప్పదు? దానికి ఏం తక్కువైంది?

ఈ స్విచ్‌తోనే నడిపేద్దామా అనిపించింది. ఏ సిగ్నల్ దగ్గరో మర్చిపోతే ఇంజన్ ఆగిపోతుంది, వెనక ఆడపిల్లలుంటారు. తీసి పారేశాను.

జనవరి 10

త్రాటిల్ సెన్సరు — బాగుంది. స్పీడు సెన్సరు — బాగుంది. ఎర్తులన్నీ గీకి బిగించాను. పడలేదు.

వింత ఒకటి. మధ్యాహ్నం చెక్‌పాయింటు దగ్గర పాతిక నిమిషాలు వరసలో ఆగాం. ఆ వెంటనే రోడ్డెక్కితే లాకప్ పడింది! ఐదు నిమిషాలుంది. మళ్లీ వదిలేసింది. నేనేం చెయ్యలేదు.

జనవరి 11, ఆదివారం

పొద్దున దారిలో రత్న సిస్టర్ నస. భీమవరం మనిషి, నోరు ఊరుకోదు.

“బాషన్నయ్యా, ఆ హీటరెయ్యండి బాబూ, వణుకొచ్చేత్తంది.”

“ఏసే ఉండాది సిస్టర్.”

“ఇదేం హీటరండీ! ఏసీ కంటే సల్లగా వత్తంది. పోయినేడాది కాళ్లు కాలిపోతన్నాయి ఆపండి మహాప్రభో అనేవోళ్లం.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను... నవ్వు రాలేదు. వేడి ముల్లు చూశాను. అడుగున ఉంది. నలభై నిమిషాలు వందలో నడిచిన ఇంజన్, ముల్లు ఇంకా అడుగునే. ఇన్నాళ్లూ రోజూ చూస్తున్నా. చూసి ‘ఇంజన్ చల్లగా ఉంది, అల్హమ్దులిల్లా’ అనుకుంటున్నా!

బదర్‌లో అందరినీ దించగానే బానెట్ ఎత్తాను.

అదే రోజు, మధ్యాహ్నం

థర్మోస్టాట్. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటరుకి పోనివ్వకుండా ఆపే బుల్లి మూత. జులైలో బండి కాగుతుంటే పీకేశాను. ఈ చేత్తోనే. ఇక్కడ ఎండలు ముదరగానే ఏ షెడ్డులోనైనా ముందు పీకేది అదే. ఈ ఎండకు అదెందుకు అంటారు. నేనూ అన్నాను. మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తుండదు.

ఎండాకాలంలో పర్వాలేదు, బండి ఎలాగూ వేడెక్కుతుంది. ఈ చలి గాలికి, హైవేలో, నీళ్లు ఆగకుండా తిరిగి ఇంజన్ వేడెక్కడమే లేదు. ఇంజన్ చల్లగా ఉంటే కంప్యూటరు లాకప్ ఇవ్వదు. దాని లెక్కలో మేం ఇంకా ఇప్పుడే స్టార్ట్ చేశాం. చెక్‌పాయింటు దగ్గర ఆగినప్పుడు కాస్త వేడెక్కింది కాబట్టి ఐదు నిమిషాలు ఇచ్చింది. అంతే. ఇంతే సంగతి.

చెడగొట్టింది నేను. పోయింది రఫీక్.

కొత్తది తెచ్చి బిగించేశాను. గంట పని.

జనవరి 12, సోమవారం

పది కిలోమీటర్లకే వేడి ముల్లు సగానికొచ్చి నిలబడింది. ఎనభై దాటాక మెత్తగా ఒక పట్టు... రెండువేల రెండొందలు. బదర్ దాకా వదల్లేదు.

“అమ్మయ్య, ఇప్పుడు హీటరంటే హీటరు” — రత్న సిస్టర్ చెప్పులు విప్పి కాళ్లు ముందుకి చాపింది.

సాయంత్రం అబూ ఫారిస్ స్వయంగా నడిపి చూశాడు. నా భుజం తట్టి “షాతిర్! వల్లాహ్ షాతిర్!” గట్టివాడివి అని. రఫీక్ చెడగొట్టింది నువ్వు బాగుచేశావు అన్నాడు.

కాదనాలి. అక్కడే అనాలి. తలూపాను.

జనవరి 13

అన్నం సయించలేదు.

ఊరుకుంటే బండి ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, పొగడ్త కూడా ఉంది. ఎవరికీ తెలియదు. రఫీక్ కాగితాలు ఈ వారంలోనే అయిపోతాయని షెడ్డులో అనుకుంటున్నారు. సిగ్గుగా ఉంది. నా మీద నాకే కంపరంగా ఉంది.

గేర్‌బాక్సు విప్పనివ్వకుండా అడ్డం పడ్డాను కదా. నిజం దొరకాలనే కదా. దొరికింది. రేపు చెప్తాను. చెప్పకపోతే నేను మనిషినే కాను.

జనవరి 14

చెప్పాను. నా వంకర అరబ్బీలోనే — “అనా ఖర్రబ్త్. మూ రఫీక్. అనా.” చెడగొట్టింది నేను, రఫీక్ కాదు అని. జులైలో నేను పీకింది, పెట్టడం మరిచింది, భయపడి రఫీక్ పేరు చెప్పింది, మొన్న తలూపింది — అన్నీ చెప్పాను.

అబూ ఫారిస్ గహ్వా కాఫీ కప్పు కింద పెట్టాడు. రేపు బండి తీసుకుని జిద్దా పో, రఫీక్‌ని తీసుకురా, ఇద్దరూ నా ముందు కూర్చోండి అన్నాడు.

మరి నా సంగతి? అడిగాను.

“బాదైన్.” తర్వాత. అంతే, లేచి వెళ్లిపోయాడు.

జనవరి 15, గురువారం, రాబిగ్ దగ్గర పెట్రోలు బంకు

షరఫియాలో మధ్యాహ్నం రఫీక్‌ని ఎక్కించుకున్నాను. సంచీ పట్టుకుని దిగి వచ్చాడు. కాస్త చిక్కాడు. నేను సలాం చెబితే బదులు చెప్పాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక కూర్చున్నాడు. కఫీల్ పిలిచాడని తప్ప అతనికి ఇంకేం తెలియదు. నేనూ చెప్పలేదు. ఊరు దాటాక చెబుదాం... కిలోమీటర్ల బోర్డు దాటాక... కాదు, ఆ వంతెన దాటాక... ఇలాగే వంద కిలోమీటర్లకు పైనే వచ్చేశాను.

ట్రాఫిక్‌లో నెమ్మదించి మళ్లీ స్పీడెత్తాను. ఎనభై దాటాక లాకప్ పడింది. రఫీక్ లేచి నా సీటు పట్టుకుని ముందుకి వంగాడు. ముల్లు చూశాడు.

“పకడ్ లియా!” పట్టుకుంది అని, మొహం వెలిగిపోయింది. తన బండి బాగుపడినట్టే. నా భుజం మీద చెయ్యేశాడు. “క్యా నిక్లా, బాషా భాయ్? ఖరాబీ క్యా థీ?”

ఏం తేలింది, ఏం పోయింది అని అడుగుతున్నాడు.

నేను బంకులోకి తిప్పేశాను. చాయ్ తెస్తానని దిగాను. రెండు కప్పులు ఈ బల్ల మీద, చల్లారిపోతున్నాయి. బండి కిటికీ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు — ఆలస్యమెందుకో అర్థంకాక.

వెళ్తున్నా. చెప్పాకే తాళం తిప్పుతాను. ఆ తర్వాత అతను నా బండిలో కూర్చుంటాడో, సంచీ తీసుకుని దిగిపోతాడో.