దండెం తీగ పట్టుకుని గేటు దగ్గర ఉండండి

ఏవండీ, చెప్పులు విప్పకండి. పెరట్లో దండెం తీగ విప్పుకుని గేటు దగ్గర నిలబడండి. మీరు తుక్కు అని తీసిపారేసిన పికప్‌కి ఓ పాత వ్యాన్‌లోంచి తీసిన డీజిల్ ఇంజన్ ఎక్కించేశాను! తాళం తిప్పానో లేదో, స్టార్టయింది! గ్రీజు చేతులతోనే రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకోండి. సంబరంలో ఇంజన్ ఆపే తీగ బిగించడం మర్చిపోయాను, తాళం తీసినా ఆగదు; దానికే ఆ దండెం తీగ. అందుకే ఆగకుండా మన వీధుల్లోనే చక్కర్లు కొడుతుంటాను. హారన్ వినగానే వచ్చి ఎక్కేయండి. "ఇది కదిలిన రోజు ముందు సీట్లో నేనే" అని వెటకారమాడారుగా, ఇప్పుడు కూర్చోండి మరి!

బానెట్ మూతపడలేదు, ఊడదీసి మన మంచం మీద పెట్టాను. కేకలేయకండి.

అన్నట్టు, ఇంజన్‌ని చేత్తో కూడా ఆపొచ్చు. దాని చప్పుడు మీరు వినకుండా ఆపబుద్ధి కాలేదు.